బాకీలతో సహా

స్క్రూజ్ చావుకు భయపడి మారాడని చాలామంది అనుకుంటారు. సమాధి రాయి మీద తన పేరు చదువుకుని బావురుమన్న ఘట్టాన్నే సినిమాలు ఆర్భాటంగా చూపిస్తాయి. పుస్తకం నెమ్మదిగా చదివితే అలా అనిపించదు. అతని గుండెలో మొదటి బీట అంతకు చాలా ముందే పడింది. మొదటి దయ్యం వచ్చిన కాసేపటికే, పిల్లలంతా సెలవులకు వెళ్లిపోయిన ఒక బడిలో పడింది.

చార్లెస్ డికెన్స్ ‘ఎ క్రిస్మస్ క్యారల్’ 1843 డిసెంబరు 19న వెలువడింది. కథ చాలామందికి తెలిసిందే, అయినా ఒకసారి గుర్తు చేస్తాను. ఎబెనీజర్ స్క్రూజ్ లండన్‌లో డబ్బు లావాదేవీలు నడిపే ముసలివాడు. భాగస్వామి జేకబ్ మార్లీ ఏడేళ్ల కిందట సరిగ్గా క్రిస్మస్ ముందు రోజే పోయాడు. గుమాస్తా బాబ్ క్రాచిట్‌కు వారానికి 15 షిల్లింగుల జీతం. బొగ్గుల పెట్టె యజమాని గదిలో ఉంటుంది, ఎముకలు కొరికే చలిలో గుమాస్తా కొవ్వొత్తి మంట దగ్గర చేతులు కాచుకోవాలి. పండగ భోజనానికి పిలవడానికి వచ్చిన మేనల్లుడు ఫ్రెడ్‌ని స్క్రూజ్ కసిరి పంపేశాడు. పేదల కోసం చందా అడగడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులను జైళ్లు లేవా, పేదలను చేర్చుకునే వర్క్‌హౌస్‌లు మూతపడ్డాయా అని నిలదీశాడు. ఆ రాత్రి మార్లీ ప్రేతం వచ్చింది. ఇనప్పెట్టెలు, తాళాలు, చిట్టా పుస్తకాలు, దస్తావేజులు కలిపి అల్లిన గొలుసును నడుముకు చుట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. నీ గొలుసు ఇంతకంటే పొడుగైందని, ముగ్గురు ఆత్మలు వస్తారని చెప్పి పోయింది.

మొదట వచ్చిన గతకాలపు ఆత్మ అతణ్ని చిన్నప్పటి బడికి తీసుకుపోయింది. పండగకు అందరూ ఇళ్లకు వెళ్లారు. ఒక్క కుర్రాడు మాత్రం చల్లటి గదిలో చాలీచాలని మంట పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాడు. తీసుకుపోవడానికి అతనికి ఎవరూ రాలేదు. పుస్తకంలోని ఆలీబాబా, రాబిన్సన్ క్రూసో మాత్రమే ఆ పిల్లవాడికి తోడు. ముసలి స్క్రూజ్ ఆ కుర్రాణ్ని గుర్తుపట్టి ఏడ్చాడు. ఏడ్చి, కన్నీళ్లు తుడుచుకుని, ముందు రోజు సాయంత్రం తన కొట్టు తలుపు దగ్గర క్రిస్మస్ పాట ఎత్తుకున్న ఒక పిల్లవాణ్ని తలుచుకున్నాడు. వాడికి ఏదైనా ఇచ్చి ఉంటే బాగుండేదనుకున్నాడు. ఆ పిల్లవాడు నోరు తెరవగానే స్క్రూజ్ రూళ్లకర్ర అందుకుని తరిమేశాడు.

నా దృష్టిలో కథంతా ఇక్కడుంది. తన చిన్నతనాన్ని చూసి ఏడవగలిగిన మరుక్షణం అతనికి ఇంకొకరి పిల్లవాడు గుర్తొచ్చాడు. మధ్యలో ఎవరూ ఉపదేశం చేయలేదు, ఆత్మ కూడా ఏమీ బోధించలేదు. ఏమైందని మాత్రం అడిగింది.

గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో డిసెంబరు రాత్రులు ఎరిగినవాళ్లకు ఈ చోటు చప్పున తగులుతుంది. చర్చి కుర్రాళ్లు గిటారు, డ్రమ్ము పట్టుకుని ఇంటింటికీ క్యారల్స్ పాడుతూ వస్తారు. నక్షత్రం వేలాడదీసిన ప్రతి గుమ్మం ముందూ ఆగుతారు. ఎంత రాత్రయినా ఇంటివాళ్లు లేచి లైటు వేసి, టీయో కేకు ముక్కో చేతికిస్తారు. పాడటానికి వచ్చిన పిల్లలకు తలుపు తీయని ఇల్లు ఊళ్లో అందరికీ గుర్తుంటుంది. ఆ తలుపు తీయనివాడి వైపు నుంచి కథ చెప్పడమే డికెన్స్ చేసిన పని.

ఈ ఒంటరి కుర్రాడు ఎక్కణ్నుంచి వచ్చాడో డికెన్స్ జీవితం తెలిస్తే అర్థమవుతుంది. 1824లో అతని తండ్రి జాన్ డికెన్స్ అప్పులు తీర్చలేక మార్షల్‌సీ జైలుకు వెళ్లాడు. పన్నెండేళ్ల చార్లెస్‌ను థేమ్స్ ఒడ్డున ఎలుకలు తిరిగే ఒక పాత భవనంలో, బూటు పాలిష్ తయారుచేసే చోట పనికి పెట్టారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పాలిష్ డబ్బాలకు కాగితం చుట్టి, చీటీలు అంటించాలి. వారానికి ఆరో ఏడో షిల్లింగులు ఇచ్చేవారు. అదే కాలంలో అక్క ఫ్యానీ రాయల్ అకాడమీలో సంగీతం నేర్చుకుంటోంది. తండ్రి జైలు నుంచి బయటికొచ్చాక కూడా కొడుకు ఆ పనికే వెళ్తే బాగుంటుందని తల్లి అనుకుంది. ఆ మాటను డికెన్స్ జీవితాంతం మరిచిపోలేకపోయాడు. అంత పేరు వచ్చాక కూడా ఈ సంగతి దాదాపు ఎవరికీ చెప్పుకోలేదు. ఆత్మీయ మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్‌కు చెప్పింది కూడా ఈ కథ రాసిన తర్వాతే. 1870లో డికెన్స్ పోయాక ఫోర్‌స్టర్ జీవిత చరిత్ర రాస్తేనే లోకానికి తెలిసింది. అంటే 1843లో లండన్ అంతా స్క్రూజ్ బాల్యాన్ని చదివి కంటతడి పెట్టినప్పుడు, ఆ కుర్రాడి వెనక రచయితే ఉన్నాడని ఎవరికీ తెలియదు. తాను ఎవరికీ చూపించలేని పిల్లవాణ్ని డికెన్స్ ఒక పిసినారికి చూపించాడు. కథలో తర్వాత ఇంకో క్రిస్మస్‌కు ఆ కుర్రాణ్ని ఇంటికి తీసుకుపోవడానికి వచ్చే చెల్లెలికి ఫ్యాన్ అని పేరు పెట్టాడు. ఆ ఫ్యాన్ కొడుకే, స్క్రూజ్ కసిరి పంపిన ఫ్రెడ్.

మన పిసినారులకు ఇలాంటి బాల్యం ఎవరూ ఇవ్వలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడని, పిల్లికి బిచ్చం పెట్టనివాడని తిట్టుకుంటాం, నవ్వుకుంటాం. లోభి మీద వేమన చెప్పినన్ని పద్యాలు ఇంకెవరూ చెప్పి ఉండరు. గురజాడ లుబ్ధావధాన్లు మనకు నూరేళ్లకు పైగా నవ్వు తెప్పిస్తున్నాడు. 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు కట్టిన లక్ష్మీపతి పాత్ర తెలుగు ఇళ్లలో సామెత అయిపోయింది. కోడిని ఎదురుగా వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే ఆ మనిషి గొప్ప పాత్రే, గొప్ప నటనే. అయినా అతను పదేళ్ల వయసులో ఎలా ఉండేవాడో సినిమా అడగదు, మనమూ అడగం. పిసినారి అంటే అలా పుట్టి అలాగే పోయేవాడని మన లెక్క.

మా ఊళ్లో వడ్డీ వ్యాపారి ఒకాయన ఉండేవాడు. పెళ్లికి పిలిస్తే చదివింపులు తప్పించుకోవడానికి భోజనాల వేళ దాటాక వస్తాడని చెప్పుకునేవారు. జ్వరంతో పడుకున్న పాలేరుకు రెండు రోజుల కూలి కోశాడని ఊరంతా అనుకున్నారు. ఆయన పోయిన రోజున మా నాయనమ్మ ఒక మాట చెప్పింది. ఆయనకు తల్లి చిన్నప్పుడే పోయిందట. పక్క ఊళ్లో వారాలు చేసుకుని చదువుకున్నాడట. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. శనివారం అన్నం పెట్టే ఇల్లు దొరక్క ఆ ఒక్కపూట మంచినీళ్లతో సరిపెట్టుకునేవాడట. ‘‘వాడు జీవితమంతా ఆ శనివారం కోసమే దాచుకున్నాడురా’’ అంది. ఆ మనిషి మారలేదు. ఆయన్ని ఆ పాత ఊరికి తీసుకుపోయి, అరుగు చివర కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తున్న కుర్రాణ్ని చూపించినవారు ఎవరూ లేరు. పాలేరు కూలి కోయడం అన్యాయమే, అందులో రెండో మాట లేదు. నాయనమ్మ మాట విన్నాక మాత్రం ఆయన్ని తలుచుకుని నవ్వడం నావల్ల కాలేదు.

స్క్రూజ్ మూర్ఖుడు కాడన్న సంగతి కూడా మనం మరిచిపోతుంటాం. అతను తన కాలపు చదువుకున్నవాళ్ల అభిప్రాయాన్నే పలికాడు. వర్క్‌హౌస్‌కు వెళ్లడం కంటే చాలామంది చావడానికే ఇష్టపడతారని చందా అడిగిన పెద్దమనుషులు చెప్తే, అలాగే చావనివ్వండి, అదనపు జనాభా తగ్గుతుందన్నాడు. ఆ లెక్క పాదరీ థామస్ మాల్థస్‌ది. తిండి కంటే జనం వేగంగా పెరుగుతారని 1798లో రాసి పేరు పొందాడు. 1834లో ఇంగ్లండ్ తెచ్చిన కొత్త పేదల చట్టం వెనక ఈ ఆలోచన ఉంది. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి, అక్కడ మొగుణ్నీ పెళ్లాన్నీ పిల్లల్నీ వేరు చేస్తారు, బయట బతకడం కంటే లోపల కష్టంగా ఉండాలి. ఇదంతా క్రూరులు చేసిన చట్టమనలేం. లెక్కలు వచ్చినవాళ్లు, పేదల మేలు కోరుతున్నామని నమ్మినవాళ్లే చేశారు.

ఆ లెక్క మన దాకా వచ్చింది. మాల్థస్ 1805 నుంచి 1834లో చనిపోయేదాకా హేలీబరీలోని ఈస్టిండియా కంపెనీ కాలేజీలో అర్థశాస్త్రం బోధించాడు. మన దేశానికి కలెక్టర్లుగా వచ్చే కుర్రాళ్లు తయారైంది అక్కడే. మాల్థస్ పోయాక అదే కాలేజీలో చదివినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. 1874లో బిహార్‌లో కరువు వస్తే టెంపుల్ బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా కాపాడాడు. దానికి అతనికి దక్కింది దుబారా చేశాడన్న నింద. మూడేళ్లు తిరక్కుండా 1877లో వైస్రాయ్ లిట్టన్ అతణ్నే మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో మనవాళ్లు ధాత కరువు అని పిలిచే కరువు నడుస్తోంది. ఈసారి టెంపుల్ పొదుపు చూపించాడు. కరువు పనిలో రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అరకిలోకు తక్కువే. ఆ కూలి ప్రాణం నిలపదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పట్టుబట్టి పోరాడితే కొన్ని నెలలకు పెంచారు. ఆలోగా పోయినవాళ్లు పోయారు.

టెంపుల్‌ది స్క్రూజ్ కథ వెనక్కి నడిచిన కథ. చేతికి ఎముక లేకుండా పెట్టినవాడు తిట్లు తిని పిసినారి అయ్యాడు. మంచి మనసు పిసినారితనంగా మారడానికి మూడు దయ్యాలు అక్కర్లేదు, పైవాళ్లు మందలిస్తే చాలు. ఇది నన్ను స్క్రూజ్ కంటే ఎక్కువ భయపెడుతుంది. ఎందుకంటే మనలో చాలామందికి జరిగేది ఇదే. అదే కర్నూలు సీమలో అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేల మందికి అన్నం పెట్టాడు. ఆయన హేలీబరీలో చదవలేదు. ఆయన మీద జనం పాట కట్టుకున్నారు.

డికెన్స్‌కు ఈ లెక్క మీద ఎంత కోపమో కథలో రెండో ఆత్మ చెప్తుంది. క్రాచిట్ ఇంట్లో పండగ భోజనం నడుస్తుంటుంది. ఊతకర్ర ఆనించి తండ్రి పక్కన కూర్చున్న కుంటి పిల్లవాడు టైనీ టిమ్‌ని చూసి, వీడు బతుకుతాడా అని స్క్రూజ్ అడుగుతాడు. ఆ ఆత్మ అతని మాటనే అతనికి తిప్పి కొడుతుంది. అదనపు జనాభా ఎవరో, ఎక్కడున్నారో తెలుసుకోకముందు ఆ మాట నోట రానీయకు అంటుంది. కాసేపటికి తన అంగీ కింద నుంచి చిక్కి శల్యమైన ఇద్దరు పిల్లలను చూపిస్తుంది. ఒకడు అజ్ఞానం, ఇంకొకత్తె లేమి. ఆ ఇద్దరిలో అబ్బాయితోనే ఎక్కువ జాగ్రత్త అని హెచ్చరిస్తుంది. నేను స్కూల్లో నాన్‌డిటైల్డ్‌గా చదివిన కుదింపులో ఈ పిల్లలు లేరు. పెద్దయ్యాక మొత్తం పుస్తకం చదివినప్పుడు, కథకు నడుము లాంటి చోటే కోసేశారని తెలిసింది. 1843 సెప్టెంబరులో డికెన్స్ లండన్‌లోని ఫీల్డ్ లేన్‌లో నిరుపేద పిల్లల బడికి వెళ్లి చూసి వచ్చాడు. గనుల్లో, కార్ఖానాల్లో పిల్లలు పడే బాధల మీద ప్రభుత్వ నివేదిక చదివి, పేదవాడి బిడ్డ తరఫున ఒక కరపత్రం వేద్దామనుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని, దానికన్నా ఎన్నో రెట్లు బలంగా తగిలే పని చేయాలని ఈ కథ రాశాడు. పూర్తి చేయడానికి ఆరు వారాలు పట్టింది.

మూడో ఆత్మ చూపించినవి నాకు అంత ముఖ్యం కాదు. దిక్కులేని చావు, మంచం తెరలు కూడా విప్పుకుపోయి అమ్ముకునే పనివాళ్లు, చచ్చిన అప్పులవాడి గురించి హమ్మయ్య అనుకునే జంట, ఇవన్నీ బాగానే ఉంటాయి. అప్పటికే స్క్రూజ్ మారిపోయాడు, అక్కడ జరిగింది ముద్ర వేయడమే.

నాకు ఎంతో ఇష్టమైనది ఆ తర్వాతి పొద్దు. మన సంప్రదాయంలో మారిన లోభి ఇల్లు వదిలిపోతాడు. నగల వర్తకుడు శ్రీనివాస నాయకుడు కొడుకు ఒడుగు కోసం సాయమడిగిన పేద బ్రాహ్మణుణ్ని తిప్పి తిప్పి పంపాడు. భార్య తన ముక్కుపుడక ఇచ్చేసింది. అది దేవుడి లీల అని తెలిశాక అతను సర్వం దానం చేసి, తంబూరా పట్టుకుని పురందరదాసు అయ్యాడు. ఈ కథ అంటే నాకు ఎనలేని గౌరవం. స్క్రూజ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కొట్టు మూయలేదు. పండగ మర్నాడు బాబ్ కంటే ముందే వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చిన గుమాస్తాను కోపం నటించి భయపెట్టి, చివరికి జీతం పెంచుతున్నానన్నాడు. ముందు బొగ్గుల పెట్టె ఇంకొకటి కొనుక్కురమ్మన్నాడు. సర్వం వదిలేయడం ఒక్క రోజు పని. ఉన్నచోటే ఉండి, వారం వారం జీతం సరిగ్గా ఇస్తూ, పొయ్యిలో బొగ్గు తగ్గకుండా చూడటం బతికినంతకాలం చేయాల్సిన పని. నాకు ఇదే కష్టమనిపిస్తుంది.

పండగ పొద్దున వీధిలో అతనికి చందా పెద్దమనిషి ఎదురయ్యాడు. చెవిలో ఒక మొత్తం చెప్పాడు. ఎంతో డికెన్స్ రాయలేదు, విన్నాయన ఊపిరి ఆగినంత పనైంది. అందులో ఎన్నో పాత బాకీలు కూడా కలిసి ఉన్నాయని స్క్రూజ్ అన్నాడు. నేను ఈ పుస్తకాన్ని పదే పదే తెరిచేది ఈ మాట కోసమే. దానం చేస్తున్నానని అతను అనుకోలేదు. ఇన్నేళ్లుగా ఎగ్గొట్టిన అప్పు తీరుస్తున్నానన్నాడు. చిట్టా పుస్తకాల్లో బతికిన మనిషి పశ్చాత్తాపం కూడా చిట్టాలోనే రాసుకున్నాడు. అది కృతకంగా అనిపించదు, ఎందుకంటే లెక్క అతనికి బాగా వచ్చు, ఇప్పుడు సరిగ్గా వేశాడు.

ఒక్క ధనవంతుడు చెయ్యి చాపినంత మాత్రాన పేదరికం పోతుందా అని అడిగేవాళ్లున్నారు. డికెన్స్ విమర్శంతా మనుషుల నడవడి మీదే తప్ప వ్యవస్థ మీద కాదని జార్జ్ ఆర్వెల్ 1940లో రాశాడు. అందులో నిజముంది. బట్టల మిల్లుల్లో 8 నుంచి 13 ఏళ్ల పిల్లల పనిని రోజుకు ఆరున్నర గంటలకు తగ్గించడానికి 1844లో చట్టమే కావాల్సి వచ్చింది. చట్టం లేకపోతే బాబ్ క్రాచిట్ బతుకు యజమాని నిద్రలో ఏ కల వస్తుందో దాని మీద ఆధారపడుతుంది. కానీ టెంపుల్ చేతిలోనూ నియమాలు ఉన్నాయి, పట్టికలు ఉన్నాయి, కూలి రేటు ఉంది. రేటు వేసే మనిషి కళ్ల ముందు మట్టి మోసేవాడు లేకపోతే చట్టం కూడా పౌను ధాన్యం దగ్గరే ఆగుతుంది. రెండూ కావాలి. డికెన్స్ తనకు చేతనైనది చేశాడు.

అతనికి ఈ పుస్తకం మీద డబ్బు పెద్దగా రాలేదు. మొదటి ముద్రణ 6,000 ప్రతులు క్రిస్మస్‌కు ముందే అమ్ముడుపోయాయి. అయినా అంచులకు బంగారు పూత, లోపల జాన్ లీచ్ రంగు బొమ్మలు ఉండాల్సిందేనని పట్టుబట్టడంతో ఖర్చు పెరిగింది. వెయ్యి పౌన్లు వస్తాయనుకుంటే మొదట చేతికి అందింది 230. వెల ఐదు షిల్లింగులు, అంటే బాబ్ వారం జీతంలో మూడో వంతు. తన కథను కొనుక్కోగలిగే స్తోమత బాబ్‌కు లేదు. డికెన్స్‌కు అది తెలుసు. పదేళ్ల తర్వాత 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో ఈ కథను జనం ముందు చదివినప్పుడు, పనివాళ్లు కూడా రాగలిగేలా చౌక టికెట్లు పెట్టించాడు. చనిపోయే ఏడాది, 1870 మార్చిలో, చివరిసారి వేదికెక్కినప్పుడు చదివినవాటిలో ఈ కథ ఉంది.

ఈ డిసెంబరులో వీలైతే కుదింపు కాకుండా పూర్తి పుస్తకం చదవండి, ఒక రాత్రిలో అయిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే బిగ్గరగా చదివి వినిపించండి, ఆ ఇద్దరు పిల్లల చోటు దాటేయకండి. తర్వాత మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు, మీ షాపులో పనిచేసే కుర్రాడికి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు ఆఖరిసారి జీతం ఎప్పుడు పెంచారో గుర్తు చేసుకోండి. చాలా కాలమైతే, ఈ నెల పెంచి ఇవ్వండి, బాకీలతో సహా.